టేకు ఇల్లు, మాండలే రాజు, మా అత్త

కందుకూరు చుట్టుపక్కల పల్లెల్లో పాత ఇళ్ళు ఎరిగినవాళ్ళకి బర్మా టేకు గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. గడప దాటుతూ చెయ్యి ఆనించే ద్వారబంధం, మండువా చుట్టూ స్తంభాలు, పైన చెయ్యంత మందం దంతెలు. అవి ఉన్నాయంటే ఆ ఇంట్లో ఎవరో ఒకరు ఎప్పుడో రంగం పోయొచ్చారని లెక్క. రంగూన్‌ని మా పెద్దవాళ్ళు రంగం అనే అనేవాళ్ళు. "రంగం పోయినోడి మనవడు" అంటే పెళ్ళి సంబంధాల దగ్గర కాస్త మర్యాద కలిసొచ్చేది, ఆస్తి మిగిలినా మిగలకపోయినా.

మా తాత కూడా రంగం పోయినవాడే. 1930లలో మెట్ట సేద్యం గిట్టక మద్రాసు రేవులో ఓడ ఎక్కాడు. మొదట రంగూన్‌లో మూటలు మోశాడు. లెక్కలు వచ్చు కాబట్టి తరవాత మాండలేలో ఒక కలప అడితిలో గుమాస్తాగా కుదిరాడు. ఆయన పంపిన డబ్బుతో మా పెద్దతాత ఊళ్ళో మండువా ఇల్లు లేపాడు. కలప మద్రాసులో కొని, సింగరాయకొండ స్టేషన్ దాకా రైల్లో, అక్కడి నుంచి ఎద్దుల బండ్ల మీద తెప్పించాడట. తాత తిరిగి రాకముందే బర్మా నుంచి టేకు వచ్చి మా ఇంట్లో నిలబడింది.

1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాన్ వాళ్ళు బాంబులు వేశారు. 1942 ఏప్రిల్ 3న మాండలే వంతు. ఊరు చాలా భాగం తగలబడింది. తాత లక్షల మందితో పాటు నడక మొదలుపెట్టి తమూ దారిన ఇంఫాల్ చేరాడు. ఆ నడక గురించి ఇంట్లో ఎన్నడూ చెప్పలేదు. అడిగితే "కాళ్ళు బాగానే పనిచేసినాయిలే" అని తువ్వాలు దులుపుకుని లేచేవాడు. అంత అనుభవించిన మనిషి యుద్ధం అయిపోగానే మళ్ళీ అక్కడికే ఎందుకు పోయాడో నాకు చాలా కాలం అర్థం కాలేదు. ఈసారి నాయనమ్మని కూడా తీసుకెళ్ళాడు. బడికి పోతున్న మా నాయనని మాత్రం పెద్దతాత దగ్గర వదిలిపెట్టారు. 1952లో మాండలేలో మా అత్త పుట్టింది.

1962లో అక్కడ నె విన్ సైనిక ప్రభుత్వం వచ్చింది. దుకాణాలు, వ్యాపారాలు సర్కారు పరమయ్యాయి. 1964 మే నెలలో యాభై, నూరు చాట్ల నోట్లు చెల్లవన్నారు. చాట్ అంటే అక్కడి రూపాయి. తాత పెట్టెలో ఉన్నవి అవే. వెనక్కి వచ్చేవాళ్ళ కోసం మన ప్రభుత్వం ఓడలు నడిపింది. వాటిల్లో వచ్చినవాళ్ళకి మన దగ్గర పడిన పేరు బర్మా కాందిశీకులు. ఉత్తరాంధ్ర వాళ్ళు విశాఖపట్నంలో దిగారు, మావాళ్ళు మద్రాసులో.

రేవుకి నాయన పోయాడు. చెల్లెలు ఉందని ఉత్తరాల్లో చదవడమే తప్ప ఆయన ఆమెని అంతకుముందు చూసింది లేదు. అత్త ఆ సంగతి ఇప్పటికీ నవ్వుతూ చెప్తుంది: "ఎవురో మీసాలాయన వచ్చి, నేను మీ అన్ననమ్మా అన్నాడు. నేను మా అమ్మ కొంగు చాటుకు బోయి, పంపించేయ్ అమ్మా ఈయన్ని అన్నా." ఇంటికి వచ్చాక ఊరు నచ్చలేదు, నీళ్ళు నచ్చలేదు, జొన్నన్నం అసలు నచ్చలేదు. మధ్యాహ్నాలు మండువాలో టేకు స్తంభానికి వీపు ఆనించి కూర్చునేదట. ఆ ఇంట్లో తనకి ముందే తెలిసినది ఆ కొయ్య వాసన ఒక్కటే అంటుంది. వీధిలో పిల్లలు 'బర్మాదానా' అని పిలిస్తే రాళ్ళేసేది. పెళ్ళయి నెల్లూరు పోయినా మొహింగా వండటం మానలేదు. అది చేపల పులుసు పోసుకుని తినే బియ్యపు సేమ్యా. అక్కడ ఏ చేప వేస్తారో గానీ మా అత్త కొరమీను వేసేది, అరటి దూట మాత్రం తప్పకుండా పడాలి. మా ఇళ్ళలో ఆ వంటకి పెట్టిన పేరు 'అత్త సేమ్యా'.

మధ్యలో ఒక ముక్క. మా ఊరు మా తాతలకి నెల్లూరు జిల్లా. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అందులో కలిసింది. రెండేళ్ళకి దానికే ప్రకాశం అని పేరు పెట్టారు. 2022లో కందుకూరుని మళ్ళీ నెల్లూరులో కలిపారు. అడ్రసు రాయాల్సి వచ్చిన ప్రతిసారీ మా ఇంట్లో ఒక చర్చ. ఇల్లు కదలకుండా జిల్లాలు మారడం మాకు అలవాటే. జిల్లా మారకుండా ఇల్లు కదలడం మాత్రం మాండలే పోయాకే చూశాను.

నాయన 2011లో ఆ మండువా ఇంట్లోనే పోయారు, నడి ఇంట్లో నవారు మంచం మీద. అయ్యవారు పంచాంగం చూసి ధనిష్ఠా నక్షత్రం అన్నారు. ధనిష్ఠా పంచకంలో మనిషి పోతే ఇల్లు విడవాలి, ఆరు నెలలు తాళం. అమ్మని అన్నయ్య ఒంగోలు తీసుకెళ్ళాడు. వానాకాలం ఆ గడువులోనే వచ్చింది. పెంకులు జారితే ఎక్కి సర్దేవాడు లేడు. గోడ ఉబ్బింది, వంటింటి వైపు ఒక మూల కూలింది. గడువు తీరి తలుపు తీసేసరికి ఇల్లంతా గబ్బిలాలు. టేకు మాత్రం చెక్కు చెదరలేదు. చెదపురుగు గోడ పొడుగునా మట్టి గీతలు గీసుకుంటూ వచ్చి, స్తంభం దగ్గర ఆగి, పక్కకి తిరిగి పోయింది. టేకులో ఉండే నూనె దానికి పడదు.

తరవాత పంపకాలు. ఆ భాగోతం చెప్పను, ఎవరింట్లో ఉండేది వాళ్ళకి ఉంటుంది. చివరికి స్థలం తలా ఇంత, కలప అమ్మి డబ్బు తలా ఇంత అని తేలింది. మద్రాసు నుంచి పాత కలప వ్యాపారి వచ్చాడు. వెంట వచ్చిన ఆచారి ప్రతి దూలానికీ, ప్రతి దంతెకీ సుద్దముక్కతో గుర్తులు పెట్టాడు. మేకు దాదాపు లేదు, అంతా కుసులు పెట్టి బిగించిన పని. కుసులు ఊడదీస్తుంటే ఆయనే మెచ్చుకున్నాడు, "కట్టినోడు మొనగాడు సార్" అని. మా పెద్దతాత ఏడాది పైగా కట్టించిన ఇల్లు వారం తిరక్కముందే లారీ ఎక్కింది. అత్త నెల్లూరు నుంచి వచ్చి, వేపచెట్టు కింద కుర్చీ వేయించుకుని, అంతా అయ్యేదాకా చూసింది. ఏమీ అనలేదు. పోయేటప్పుడు నాతో మాత్రం, "అబ్బయ్యా, నన్నొకసారి మాండలే తీసకబోతావా?" అంది.

2018 చివర్లో కుదిరింది. ఈ-వీసా వచ్చింది. చెన్నై, కలకత్తా, అక్కడి నుంచి యాంగోన్. రంగూన్‌కి ఇప్పటి పేరు అదే. తాత రోజుల తరబడి చేసిన సముద్రం దారి అత్త విమానంలో ఒక కునుకులో దాటేసింది. యాంగోన్‌లో ఆమెకి ఏమీ పట్టలేదు. మాండలే, మాండలే అని ఒకటే పోరు.

మాండలేలో పొద్దున్నే ఆమె అడిగింది కోట కాదు, తాము ఉన్న వీధి కాదు. "కొయ్య మఠానికి పోదాం" అంది. ఆ మఠం పేరు ష్వేనాండో. చిన్నప్పుడు పండగలకి పక్కింటి బర్మా వాళ్ళతో కలిసి అక్కడికి పోయేదట. మాండలే కొండ దిగువన ఉంది. చుట్టూ చెట్లు, ముందు సున్నం కొట్టిన మెట్లు, వాటి పైన నల్లగా మాగిన కొయ్య భవనం. కప్పు అంతస్తులు అంతస్తులుగా పైకి పోతూ సన్నబడుతుంది. నేల నుంచి ఎత్తుగా, వరసలు వరసలుగా నిలబెట్టిన టేకు మానుల మీద ఆనింది. దూరం నుంచి చూస్తే ఎక్కడా ఖాళీ ఉన్నట్టు అనిపించదు. అంచులు, కిటికీ చట్రాలు, తలుపులు, పిట్టగోడ, అంతా చెక్కడమే. లతలు, తామరలు, చేతులు జోడించిన దేవతలు, నాట్యం చేసే బొమ్మలు. ఎండకీ వానకీ కొన్ని బొమ్మల ముక్కులు అరిగిపోయి, కొన్నిటికి మొహాలే మిగల్లేదు. ఒకప్పుడు ఇదంతా బంగారు పూత, అద్దాల తాపడం. బయట అది ఎప్పుడో పోయింది. లోపల స్తంభాల మీద, పైకప్పు మీద ఇంకా మెరుస్తోంది.

చెప్పులు విడిచి లోపలికి పోయాం. బయటి వెలుగులోంచి వెళ్ళేసరికి ముందు ఏమీ కనపడలేదు. కళ్ళు అలవాటు పడ్డాక ఒక్కో స్తంభం బయటికి వచ్చింది. నా రెండు చేతులూ చుట్టూ అందనంత లావు, ఒక్కటే మాను, అతుకు లేదు. గోడల మీద జాతక కథలు చెక్కిన పలకలు. బుద్ధుడు పూర్వజన్మల్లో ఏనుగుగా, కోతిగా, రాజుగా పుట్టిన కథలు మన అమరావతి రాళ్ళ మీద ఉన్నాయి. మన దొనకొండ పక్కన గుండ్లకమ్మ ఒడ్డున చందవరం స్తూపం ఉంది, అక్కడి సున్నపురాయి పలకల మీదా ఉన్నాయి. చందవరం కొండ ఎక్కినప్పుడు నాకు ఒకటే అనిపించేది, భిక్షువులు ఉన్న చోటు ఇంత ఖాళీగా ఎట్లా ఉంటుందని. అక్కడ మిగిలింది ఇటుక, రాయి. స్తూపాలకి రాయి వాడిన రోజుల్లో కూడా మనుషులు ఉండే చోట్ల పైకప్పులూ తలుపులూ కొయ్యే కదా. అది మన నేల మీద రెండువేల ఏళ్ళు నిలిచేది కాదు. ష్వేనాండోలో నిలబడితే ఆ ఖాళీని కొంత పూరించుకోవచ్చు.

గైడుగా కుదిరిన కుర్రాడికి హిందీ కొంచెం, ఇంగ్లీషు కొంచెం వచ్చు. అత్త బర్మా భాష మొదలుపెట్టింది. మొదట తడుముకుంది, కాసేపటికి నన్ను పక్కన పెట్టేసి ఇద్దరూ ఒకటే కబుర్లు. మీరు మా అమ్మమ్మ కాలం మాటలు మాట్లాడుతున్నారు అన్నాడట ఆ పిల్లాడు. అతను చెప్పింది అత్త తెలుగులో నాకు చెప్పింది, కొంత తన సొంతం కలిపి.

ఇది మఠంగా కట్టింది కాదు, రాజుగారి ఇల్లు. మాండలే నగరాన్ని 1857లో స్థాపించిన మిండాన్ రాజు కోటలో తాను ఉండటానికి వాడుకున్న మందిరం. 1878 అక్టోబరు 1న ఆయన అందులోనే చనిపోయాడు. పట్టానికి వచ్చిన కొడుకు తీబా వయసు పందొమ్మిదేళ్ళు. తండ్రి ఆత్మ ఆ మందిరంలో తిరుగుతోందని అతనికి భయం పట్టుకుంది. దాన్ని ముక్క ముక్కగా విప్పించి, కోట గోడ బయటికి మోయించి, ఇక్కడ తిరిగి కట్టించి భిక్షువులకి ఇచ్చేశాడు. 1880కి పని పూర్తయింది.

అత్త విని, స్తంభం మీద అరచెయ్యి పెట్టి ఒక్క క్షణం ఆలోచించింది. "ధనిష్ఠా పంచకంలో పోయినాడేమిరా?" అంది.

నాకు నవ్వు ఆగలేదు, మఠం అని కూడా చూడకుండా. గైడు ఏమిటేమిటని అడిగాడు. ధనిష్ఠా పంచకాన్ని బర్మా భాషలో ఎలా చెప్పాలో అత్తకి తెలియలేదు. మాకు ఆరు నెలల తాళంతో సరిపోయింది. రాజు కదా, ఇల్లే లేపేశాడు. ఆ తరవాత నవ్వు దానంతట అదే పోయింది. సుద్దముక్క గుర్తులు, లారీ, వేపచెట్టు కింద కుర్చీ, ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చినట్టుంది. రాజుగారి వడ్రంగులు కూడా ప్రతి దూలానికీ ఏదో ఒక గుర్తు పెట్టుకునే ఉంటారు. లేకపోతే ఇన్ని వేల ముక్కలు మళ్ళీ ఎవరి చోట వాళ్ళు ఎలా కూర్చుంటారు!

తీబాని నేను మరీ జాలిగా చూడలేను. తండ్రి పోయిన కొద్ది నెలలకే, 1879లో, పట్టానికి పోటీ వస్తారని రాజకుటుంబంలో పదుల మందిని చంపించారు. అందులో అతని సవతి అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ ఉన్నారు. దీని వెనక ఉన్నది రాణి తల్లి అనీ, అతని చేతుల్లో ఏమీ లేదనీ చెప్తారు. కావచ్చు. చచ్చిన తండ్రికి భయపడినవాడు బతికున్నవాళ్ళ విషయంలో ఇంకాస్త భయపడాల్సింది. "మీ అన్నదమ్ములు ఎంత కొట్టుకున్నా కోర్టు గుమ్మం కూడా తొక్కలా." ఇది అత్త మాట, నాది కాదు.

ఆ రాజుని ముంచిందీ టేకే. అడవుల్లో కలప కొట్టుకునే బాంబే బర్మా ట్రేడింగ్ కార్పొరేషన్ అనే బ్రిటిష్ కంపెనీ, తీసిన మానుల లెక్క తక్కువ చూపించిందని 1885లో రాజుగారి కొలువు భారీ జరిమానా వేసింది. బ్రిటిష్ వాళ్ళకి ఆ సాకు చాలింది. నవంబరులో ఐరావతి మీదుగా స్టీమర్లలో సైన్యం వచ్చింది, రెండు మూడు వారాల్లో అంతా అయిపోయింది. తాత పనిచేసిన అడితికి కలప ఎట్లా వచ్చేదో అత్తకి కొంత గుర్తుంది. పచ్చి టేకు నీళ్ళలో మునుగుతుందట. అందుకని అడవిలో చెట్టు మొదట్లో చుట్టూ చేవ దాకా గాటు పెట్టి వదిలేస్తారు. చెట్టు నిలబడే రెండు మూడేళ్ళు ఎండుతుంది. అప్పుడు కొట్టి, ఏనుగులతో వాగు దాకా లాగించి, వానలకి వాగు పొంగినప్పుడు తెప్పలు కట్టి నదిలోకి వదులుతారు. అడివిలో గాటు పెట్టిన నాటికీ, ఊళ్ళో ద్వారబంధం ఎత్తిన నాటికీ మధ్య ఏళ్ళు పట్టేది. మేస్త్రీలు ఇప్పుడు మూడు నెలల్లో ఇల్లు అప్పజెప్తామంటే అత్త ఎందుకు మూతి తిప్పుతుందో నాకు అప్పుడు తెలిసింది.

1945 మార్చిలో మాండలే కోసం జరిగిన పోరులో కోటలోని రాజమందిరాలు కాలిపోయాయి. అవన్నీ కొయ్యవే. కోట బయట ఉంది కాబట్టి ఇదొక్కటి మిగిలింది. కొడుకు భయపడకపోయి ఉంటే ఇదీ బూడిదే. పక్కనే ఉన్న అతుమషి మఠం 1890లోనే కాలిపోతే, 1996లో మళ్ళీ కట్టారు. దాని వైపు అత్త చూడను కూడా లేదు.

ఆమె వెతుకుతున్నది వేరే. మెట్లు దిగి, భవనం పక్కగా పోయి, వంగి చూసింది. పై అంతస్తుని మోస్తున్న మానుల మధ్య చీకటి, చల్లదనం. "ఇక్కడే ఆడుకునేవాళ్ళం, అచ్చనగాయలు," అంది. బర్మా పిల్లలకి అచ్చనగాయలు నేర్పింది తానేనని గొప్ప. అప్పట్లో ఒక ముసలి భిక్షువు పైనుంచి చెక్కల మీద మడమతో టకటకా కొట్టి గదమాయించేవాడట. మేము పోయిన రోజుల్లో మరమ్మతులు నడుస్తున్నాయి. పాత కట్టడాల్ని కాపాడే వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ అనే సంస్థ వాళ్ళు అక్కడి వడ్రంగులకి పాత పద్ధతులు మళ్ళీ నేర్పిస్తూ చేయిస్తున్న పని. కింద పుచ్చిన చోట కోసి, కొత్త టేకు ముక్క కుసి పెట్టి అతికారు. కొత్త ముక్క తేనె రంగులో కొట్టొచ్చినట్టు కనపడుతోంది. అత్త వంగలేక వంగి దాన్ని గోటితో గీరి చూసింది. వడ్రంగి చూస్తున్నాడని కూడా లేదు. "ఇది రొంత లేతది. చేవ చాల్లా," అని తేల్చింది. ఆ మాట అతనికి ఆమె బర్మా భాషలోనే చెప్పింది. అతను ఒప్పుకున్నట్టు తలూపాడు గానీ మొహం మాత్రం మాడిపోయింది.

కుతోడా పగోడా కూడా చూశాం. మిండాన్ రాజే బౌద్ధ త్రిపిటకం మొత్తాన్ని 729 పాలరాతి పలకల మీద చెక్కించి, ఒక్కో పలకకి ఒక్కో చిన్న తెల్లటి గుడి కట్టించాడు. గుండ్రటి అక్షరాలు. దూరం నుంచి తెలుగేమో అనిపిస్తుంది, దగ్గరికి పోతే ఒక్కటీ చదవలేం. అత్త నాలుగైదు పలకలు చూసి కాళ్ళు కాలుతున్నాయంది. కోటలో 1990లలో కాంక్రీటుతో, పైన రేకులతో తిరిగి కట్టిన రాజమందిరాలు చూపిస్తే, "కందుకూరు కల్యాణ మండపం మాదిరుందిరా, పోదాం పా," అంది. నాకూ అంతకంటే చెప్పడానికేం కనపడలేదు. తాము ఉన్న వీధి దొరికింది, ఇల్లు దొరకలేదు. అక్కడ సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. దాని ముందు నిలబడి ఫొటో దిగింది, అంతే.

తిరిగి వచ్చాక ఒక రోజు ఫోన్ చేసింది. "ఆ దెయ్యాల పిల్లోడు చివరికి ఏమైనాడు? ఆ గైడు జెప్పలా." చెప్పాను. 1885 నవంబరు 29న బ్రిటిష్ వాళ్ళు రాజునీ రాణినీ స్టీమర్ ఎక్కించి దేశం దాటించారు. ముందు మద్రాసు తీసుకొచ్చి కొన్ని నెలలు ఉంచారు. అక్కడి నుంచి పడమటి తీరాన రత్నగిరికి పంపించారు. ముప్పై ఏళ్ళకి పైగా అక్కడే ఉండి 1916లో చనిపోయాడు, మళ్ళీ మాండలే చూడలేదు. 1910కి అతని కోసం అక్కడ ఒక పెద్ద భవనం కట్టారు, అది ఇప్పటికీ ఉంది.

అత్త చాలాసేపు మాట్లాడలేదు. ఫోన్ కట్టయిందేమో అనుకున్నాను.

"మద్రాసులో దించినారా? మమ్మల్ని దించిన రేవులోనే?"

"అదే అయ్యుంటుంది అత్తా."

"ఆయన కోసం ఎవురైనా వచ్చినారంటనా, మీ నాయన మాదిరి?"

దానికి నా దగ్గర జవాబు లేదు. ఆ తరవాత కరోనా, ఆమె మోకాళ్ళ ఆపరేషన్, అన్నీ అయ్యాయి. ఇప్పుడు రత్నగిరి తీసుకుపొమ్మని పోరుతోంది. ఆ భవనానికి దూలాలు ఏ కొయ్యవో చూడాలట. నెల్లూరు నుంచి నేరుగా పోయే రైలు నాకు దొరకలేదు. చెన్నైలో మారదామంటే సరే అంది గానీ, ఊరికే స్టేషన్లో మారితే కుదరదట, రేవు దగ్గర ఒక పూట ఆగాలట. ఆ రేవులోకి ఇప్పుడు మనల్ని రానిస్తారా అత్తా అంటే, "అడుగు, అడిగితే ఏం బోయింది, ఆ ఓడలో నేనొచ్చినానని జెప్పు," అంటోంది.